వెళ్లిన అయాన్ గడప దాటిందా?

ఎమ్మెస్సీ రెండో ఏడాది అమ్మాయి, నెట్ పరీక్షకి తయారవుతోంది. బోర్డు దగ్గరికి పిలిచి, కైరల్ కార్బన్ మీద క్లోరిన్ ఉన్న అణువొకటి ఇచ్చి, నీటితో ఎస్ఎన్1 మెకానిజం గీయమన్నాను. టకటకా గీసేసింది. క్లోరిన్ మీదికి ఒక వంపు బాణం. ఆ పక్కన సమతలంగా కార్బోకాటయాన్. పైనుంచి ఒక నీటి అణువు, కిందినుంచి ఒక నీటి అణువు. చివర 'రేసిమిక్' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

"క్లోరైడ్ ఏదమ్మా?" అన్నాను.

"వెళ్లిపోయింది కదా సార్."

"ఎక్కడికి?"

బోర్డు వంక చూసింది. గీయడానికి చోటు లేక క్లోరైడ్‌ని అసలు రాయనే లేదు. "ద్రావణంలోకి సార్" అంది, గొంతు కాస్త తగ్గించి.

ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. బీయస్సీలో నేను కంఠతా పట్టింది కూడా అదే: ఎస్ఎన్2 అంటే తిరగబడటం, ఎస్ఎన్1 అంటే సగం సగం. ఆ రెండు ముక్కలతో డిగ్రీ గట్టెక్కింది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఇదే ప్రశ్న వేస్తే 'రేసిమిక్ సార్' అని ఠక్కున చెప్పాను. ఆయన నవ్వి, "ప్రయోగంలో తిరగబడినది ఎప్పుడూ కాస్త ఎక్కువ వస్తుంది, ఎందుకు?" అన్నారు. నోరు పెగల్లేదు. నిజానికి చాలా ఎస్ఎన్1 చర్యల్లో సగం సగం రాదు. తిరగబడిన రూపం ఓ పిసరు ఎక్కువ ఉంటుంది, చాలాసార్లు ఆ ఎక్కువ 20 శాతం లోపే. ఆ పిసరు ఎందుకో తెలిస్తే ఈ అధ్యాయం మీకు అక్కర్లేదు, తర్వాతి దానికి వెళ్లిపోండి.

తెలియకపోతే, ఇవాళ్టి నుంచి ఒక అలవాటు చేసుకోవాలి. మెకానిజం గీసేటప్పుడు విడిపోయిన ముక్కని కాగితం మీంచి మాయం చేయకూడదు. అదెక్కడుందో రాయాలి. చిన్న అలవాటే. కానీ భౌతిక ఆర్గానిక్ కెమిస్ట్రీలో సగం ప్రశ్నలు దానితోనే తెగుతాయి.

ఇల్లు, గడప, వాకిలి, వీధి

అణువు ఇల్లనుకోండి. బంధం తెగింది. క్లోరిన్ రెండు ఎలక్ట్రాన్లూ పట్టుకుని క్లోరైడ్ అయింది, కార్బన్ మీద ధనావేశం మిగిలింది. ఆ క్షణాన క్లోరైడ్ ఎక్కడుంటుంది? గడప మీదే ఉంటుంది. కాటయాన్‌ని ఆనుకుని, మధ్యలో ఒక్క ద్రావణి అణువు కూడా లేకుండా. దీన్ని కాంటాక్ట్ అయాన్ పెయిర్ అంటారు. పాత పుస్తకాల్లో ఇంటిమేట్ అయాన్ పెయిర్ అని ఉంటుంది, రెండూ ఒకటే. కాసేపటికి ఒక ద్రావణి అణువు ఇద్దరి మధ్యా దూరుతుంది. ఇప్పుడు క్లోరైడ్ వాకిట్లో ఉంది. ఇంట్లోవాళ్లకి కనిపిస్తూనే ఉంది, మధ్యలో ఒకరు అడ్డం నిలబడ్డారంతే. ఇది సాల్వెంట్ సెపరేటెడ్ అయాన్ పెయిర్. ఆ పైన వీధి. అక్కడ ఎవరి దారి వారిదే, వాటిని ఫ్రీ అయాన్లంటారు.

'కాసేపు' అన్నాను గానీ, గడప మీద నిలిచే కాలాన్ని పికోసెకన్లలో, మహా అయితే నానోసెకన్లలో లెక్కపెట్టాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు.

ఏ మెట్టు నుంచైనా వెనక్కి రావచ్చు. అసలు సంగతి ఇదే. గడప మీంచే ఇంట్లోకి తిరిగొస్తే ఇంటర్నల్ రిటర్న్. వాకిట్లోంచో వీధిలోంచో వస్తే ఎక్స్‌టర్నల్ రిటర్న్. ఈ మెట్ల బొమ్మని రసాయన శాస్త్రానికి ఇచ్చినవాడు సాల్ విన్‌స్టీన్. 1912లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1969లో చనిపోయేదాకా పాఠం చెప్పాడు. ఉప్పు కలిపితే చర్య వేగం ఎలా మారుతుందన్న ఒక్క ప్రశ్న మీద ఆయన బృందం ఏళ్ల తరబడి వరసగా పేపర్లు రాసింది. ఆ పేపర్లలో ఒక శిష్యుడి పేరు కనిపిస్తుంది: రిచర్డ్ హెక్. అవును, 2010లో నోబెల్ అందుకున్న హెక్కే. పల్లాడియంతో బెంజీన్ వలయాల్ని ఆల్కీన్లకి అతికించకముందు ఆయన చేసింది అయాన్ జంటల లెక్కలే.

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు. క్లోరైడ్ ఇంకా గడప మీద ఉండగానే నీటి అణువు వచ్చిందనుకోండి. ముందువైపు దారి మూసుకుని ఉంది, పెరటి గుమ్మం తెరిచి ఉంది. నీరు పెరట్లోంచి వస్తుంది. అందుకే తిరగబడినది ఎక్కువ. క్లోరైడ్ పూర్తిగా వీధిలోకి పోయాక వస్తే రెండు గుమ్మాలూ సమానమే. అప్పుడు సగం సగం. మీ చర్యలో రెండు రకాల రాకలూ కలిసి ఉంటాయి, ఏ పాలు ఎంతన్నది ద్రావణిని బట్టి, కాటయాన్ ఎంత నిలకడైనదన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండే రెండు వాక్యాల జవాబు. దానికి నేను పోగొట్టుకున్నది ఒక ఉద్యోగం.

బ్యూరెట్ చూడలేనిది

వెళ్లినవాడు గడప మీంచే వెనక్కొచ్చేశాడనుకోండి. ఇల్లు ముందెలా ఉందో అలాగే ఉంది. బయటివాళ్లకి ఆ రాకపోకలు ఎలా తెలుస్తాయి? బ్యూరెట్‌కైతే తెలియవు. చర్య జరిగితే పుట్టే ఆమ్లాన్ని టైట్రేషన్ కొలుస్తుంది. ఆమ్లం పుట్టలేదంటే 'ఏమీ జరగలేదు' అని రాసుకుంటాం.

విన్‌స్టీన్, ట్రైఫన్ కలిసి 1952లో వివరంగా ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చూడాలి. వాళ్లు తీసుకున్నది ఎక్సో నార్‌బోర్నిల్ బ్రోసిలేట్. వంతెన కట్టిన రెండు వలయాల అస్థిపంజరం, దాని మీద బ్రోసిలేట్ అనే గుంపు. ఆ గుంపు ఊడిపోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ధ్రువణ కాంతిని ఒకే పక్కకి తిప్పే రూపాన్ని మాత్రమే వేరుచేసి, ఎసిటిక్ ఆమ్లంలో వేసి వేడిచేశారు. రెండు కొలతలు తీశారు. ఒకటి టైట్రేషన్: ఎంత సల్ఫోనిక్ ఆమ్లం బయటపడింది, అంటే ఎంత ప్రొడక్ట్ తయారైంది. రెండోది పోలారిమీటర్: కాంతిని తిప్పే గుణం ఎంత పోయింది.

పోలారిమీటర్‌ని ల్యాబ్‌లో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సోడియం దీపం పసుపు వెలుగు. కంటి దగ్గర చిన్న గుండ్రటి వెలుగు ముక్క, సగం మసక, సగం ప్రకాశం. మరను తిప్పుకుంటూ పోతే ఒక చోట రెండు సగాలూ ఒకే మసకలోకి వస్తాయి. అక్కడ ఆగి స్కేలు చదవాలి. మొదటిరోజు నాకు మూడుసార్లు చదివితే మూడు రకాల రీడింగులు వచ్చాయి. మీకూ అలాగే వస్తాయి, కంగారు పడకండి.

రెండు కొలతలూ ఒకటే కథ చెబితే పేచీ లేదు. చెప్పలేదు. కాంతిని తిప్పే గుణం పోయే వేగం, ఆమ్లం పుట్టే వేగానికి 3.46 రెట్లు ఉంది. ప్రొడక్ట్ కాకుండానే ఆ గుణం ఎలా పోతోంది? ఒక్కటే దారి. బంధం తెగుతోంది, బ్రోసిలేట్ గడప మీదికి వస్తోంది, మళ్లీ లోపలికి పోతోంది. కానీ ఈ ఇంటికి ఒక తమాషా ఉంది. బంధం తెగగానే మిగిలే నార్‌బోర్నిల్ కాటయాన్‌కి అద్దం లాంటి సౌష్ఠవం ఉంది. దానిలో రెండు కార్బన్లు అచ్చంగా ఒకేలా ఉంటాయి. బ్రోసిలేట్ ఏ కార్బన్ నుంచి ఊడిందో దానికే తిరిగి అతుక్కుంటే పాత అణువు. రెండోదానికి అతుక్కుంటే దాని అద్దపు ప్రతిబింబం. టైట్రేషన్‌కి రెండూ ఒకటే బ్రోసిలేట్. పోలారిమీటర్‌కి మాత్రం ఒకటి ఎడమ, ఒకటి కుడి.

లెక్క వేయండి. 346 సార్లు బంధం తెగితే 100 మాత్రమే ప్రొడక్ట్ దాకా వెళ్లాయి, 246 వెనక్కి వచ్చేశాయి. తెగిన ప్రతి పదిట్లో ఏడు ఇంటికే. టైట్రేషన్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాడికి ఈ చర్య అసలు వేగంలో మూడో వంతు కూడా కనపడదు. ఆ కాటయాన్‌కి ఈ సౌష్ఠవం నిజంగానే ఉందన్న విన్‌స్టీన్ వాదాన్ని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలోని హెర్బర్ట్ బ్రౌన్ దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు. 2013లో ఆ కాటయాన్ స్ఫటిక నిర్మాణం బయటికొచ్చి విన్‌స్టీన్ వైపే తీర్పు చెప్పింది. అప్పటికి ఇద్దరూ లేరు.

ఇదే అస్థిపంజరానికి మూడు మిథైల్ గుంపులు తగిలిస్తే మనకి బాగా తెలిసిన కుటుంబం వస్తుంది. 1922లో జర్మనీలో మేర్వైన్, వాన్ ఎమ్‌స్టర్ కాంఫీన్ హైడ్రోక్లోరైడ్ అనే పదార్థం ఐసోబోర్నిల్ క్లోరైడ్‌గా మారడాన్ని రకరకాల ద్రావణుల్లో కొలిచారు. అయాన్లని బాగా విడదీసే ద్రావణుల్లో మార్పు వేగంగా జరిగింది. కార్బోకాటయాన్ మధ్యలో ఉంటుందన్న ఆలోచనకి తొలి గట్టి ఆధారం అదే. టర్పెంటైన్ నూనెలోని పైనీన్ నుంచి కాంఫీన్, దాన్నుంచి ఐసోబోర్నిల్ ఎసిటేట్, చివరికి కర్పూరం: ఫ్యాక్టరీల్లో కర్పూరం తయారయ్యే దారి ఇది. హారతి పళ్లెంలో వెలిగే బిళ్ల వెనక ఈ కాటయాన్ల కుటుంబమే ఉంది.

చదువుల పుస్తకంలో ఈ ప్రయోగానికి ఇంత చోటెందుకంటారా? మీ చదువుకి మీరు పెట్టుకున్న మీటరు ఒక్కటే కనక. 'ఈ వారం ఆరు చాప్టర్లు అయ్యాయి' అంటారు. అది బ్యూరెట్. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఎన్ని మెకానిజాలు చూడకుండా గీయగలిగారో లెక్కపెడితే అది పోలారిమీటర్. రెండు అంకెలూ ఒకే కాగితం మీద, ఒకే రోజు రాయండి. తేడా చూసి బాధపడతారు, పడండి. పోలిక ఇక్కడితో ఆపేస్తాను. అణువులేమీ మనకి నీతులు చెప్పడానికి అయనీకరణం చెందవు.

గుర్తు పెట్టి వదిలిన ఆక్సిజన్

నార్‌బోర్నిల్‌లో గడపకీ వాకిలికీ తేడా ఇంకా తేలలేదు. దాన్ని తేల్చిన ప్రయోగం నాకు అన్నింటికన్నా ఇష్టం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హార్లన్ గోరింగ్ 1960లలో చేశాడు.

ఎస్టర్‌లో రెండు ఆక్సిజన్‌లు ఉంటాయి కదా. ఒకటి ద్విబంధంలో, ఒకటి ఏకబంధంలో. ద్విబంధంలో ఉన్నదాన్ని బరువైన ఆక్సిజన్ 18తో మార్చి గుర్తుపెట్టాడు. అణువు పారా క్లోరో బెంజ్‌హైడ్రిల్ పారా నైట్రోబెంజోయేట్. పేరు పెద్దది, సంగతి చిన్నది: పోయే గుంపు కార్బాక్సిలేట్, మిగిలే కాటయాన్ కైరల్ కార్బన్ మీద. బంధం తెగితే కార్బాక్సిలేట్‌లో రెండు ఆక్సిజన్‌లూ సమానమైపోతాయి. వెనక్కొచ్చి అతుక్కునేటప్పుడు ఏ చేత్తోనైనా పట్టుకోవచ్చు. అంటే గుర్తు కలగాపులగమైతే బంధం ఒకసారి తెగి అతుక్కుందన్నమాట. కాంతిని తిప్పే గుణం పోతే, అది అతుక్కునేలోపు కాటయాన్ అటూ ఇటూ తిరిగిందన్నమాట.

90 శాతం ఎసిటోన్, మిగతా నీరు. ఫలితం: ఆక్సిజన్‌లు కలిసిపోయే వేగం, రేసిమిక్ అయ్యే వేగానికి రెట్టింపుకి పైనే ఉంది. అంటే ఎన్నోసార్లు బంధం తెగి, కాటయాన్ తిరిగేలోపే అదే ముఖం మీద అతుక్కుంది. తర్వాత సోడియం ఎజైడ్ కలిపాడు. ఎజైడ్ ఆకలి మీదున్న అయాన్, దొరికిన కాటయాన్‌ని పట్టేస్తుంది. అప్పుడు మిగిలిన ఎస్టర్ రేసిమిక్ కావడం ఆగిపోయింది. ఆక్సిజన్ కలగాపులగం మాత్రం ఆగలేదు.

ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి ఒక నిమిషం ఆలోచించండి. ఎజైడ్ ఎవరిని పట్టుకుంది? వాకిట్లో ఉన్నవాళ్లని. గడప మీదున్నవాళ్లని ముట్టుకోలేకపోయింది, మధ్యలో దూరడానికి చోటే లేదు. గడప మీంచి తిరిగొచ్చేవాడు ముఖం మార్చకుండా వస్తాడు, వాకిట్లోంచి వచ్చేవాడు మార్చి రాగలడు. ఒక్క ఉప్పుతో రెండు మెట్లు విడిపోయాయి.

ఉప్పుల విషయంలో పరీక్షకి ఇంకో రెండు ముక్కలు చాలు. పోయే అయానే ఉన్న ఉప్పు, అంటే క్లోరైడ్ పోయే చర్యలో లిథియం క్లోరైడ్ లాంటిది, కలిపితే చర్య మందగించిందా? అయితే వీధిలోకి ఫ్రీ అయాన్లు వెళ్తున్నాయి. లిథియం పర్‌క్లోరేట్ చిటికెడు వేయగానే వేగం జర్రున పెరిగి, తర్వాత నెమ్మదిగా పెరిగిందా? అయితే వాకిట్లోంచి వెనక్కొచ్చేవాళ్లని పర్‌క్లోరేట్ అడ్డుకుంటోంది. దీన్నే విన్‌స్టీన్ స్పెషల్ సాల్ట్ ఎఫెక్ట్ అన్నాడు. అయితే పర్‌క్లోరేట్ ఎంత పోసినా గడప మీంచి వెనక్కి రావడం ఆగదు. అందుకే టైట్రేషన్ వేగం పోలారిమీటర్ వేగాన్ని పూర్తిగా అందుకోలేదు.

560ని భాగించండి

ద్రావణి పేరు చూడగానే మీ చేయి ఒక లెక్క వేయాలి. రెండు ఏక ఆవేశ అయాన్లు ఎంత దూరంలో ఉంటే వాటి ఆకర్షణ, గది ఉష్ణోగ్రత కుదుపుకి సమానమవుతుంది? 560ని ద్రావణి డైఎలెక్ట్రిక్ స్థిరాంకంతో భాగిస్తే ఆ దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో వస్తుంది. అయాన్ల జంట అన్న ఆలోచనకి 1926లో లెక్క కట్టిన డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త నీల్స్ బ్యెరుమ్ పేరే ఈ దూరానికి పెట్టారు.

నీటికి స్థిరాంకం 78. దూరం 7 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు మూడు నీటి అణువుల అవతలికి పోతే క్లోరైడ్‌కి ఇల్లు గుర్తురాదు. మిథనాల్‌కి 33, దూరం 17. ఎసిటిక్ ఆమ్లానికి 6, దూరం 90కి పైనే. అంత దూరం పోయినా ఇల్లు లాగుతూనే ఉంటుంది. విన్‌స్టీన్ తన ప్రయోగాలకి ఎసిటిక్ ఆమ్లాన్నే ఎందుకు అంతగా వాడాడో ఇప్పుడు అర్థమవుతుంది: అందులో జంటలు జంటలుగానే ఉంటాయి. అయితే ఈ లెక్క ద్రావణిని ఒట్టి జావలా చూస్తుంది. అణువులు అయాన్‌ని చుట్టుముట్టే తీరు, హైడ్రోజన్ బంధాలు దీనికి తెలియవు. మొదటి అంచనాకి మాత్రమే వాడండి.

జంటలు పుస్తకాల ఊహ కాదని నమ్మకం కుదరాలంటే ఇది వినండి. 1960లలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో హోగెన్‌ఎష్, స్మిడ్ ఫ్లోరెనిల్ సోడియం అనే లవణాన్ని టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో కరిగించి స్పెక్ట్రోమీటర్‌లో పెట్టారు. గది ఉష్ణోగ్రతలో 356 నానోమీటర్ల దగ్గర శిఖరం. మైనస్ 50 డిగ్రీలకి చల్లబరిస్తే 373 దగ్గర ఇంకో శిఖరం. మొదటిది ఆనుకుని ఉన్న జంట, రెండోది మధ్యలో ద్రావణి దూరిన జంట. చల్లబరిస్తే దగ్గరవుతాయని మీరనుకుని ఉంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ ద్రావణి అణువులు సోడియం చుట్టూ కుదురుగా అమరాలంటే కుదుపు తగ్గాలి. చలిలో అవి నిలబడగలవు, వేడిలో చెదిరిపోతాయి.

ఇక మీ పని. నేను పైన చెప్పినవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రతి అయనీకరణ చర్యకీ కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ఇల్లు, గడప, వాకిలి, వీధి అని రాయండి. ప్రొడక్ట్ ఏ గడిలోంచి వచ్చిందో ఒక బాణం, వెనక్కి వచ్చే దారులకి ఒక్కో బాణం. ప్రతి బాణం పక్కనా 'దీన్ని ఏ కొలత చూడగలదు?' అని రాయండి. మొదట ఒక్కో చర్యకి పావుగంట పడుతుంది. పది చర్యలయ్యాక రెండు నిమిషాలు చాలు. బోర్డు దగ్గర నిలబడ్డ ఆ అమ్మాయి చేత ఇలాగే గీయించాను. మూడో చర్యకే క్లోరైడ్‌ని గడి మధ్యలో పెట్టి, నేనడక్కుండానే "ఇది వాకిట్లోంచి వచ్చింది సార్" అంది.

మొదలు దీంతో పెట్టండి. ధ్రువణ కాంతిని తిప్పే 1-ఫినైల్ ఇథనాల్, థయోనైల్ క్లోరైడ్. పిరిడిన్ లేకుండా ఒకసారి, పిరిడిన్ వేసి ఇంకోసారి. రెండుసార్లూ మొదట క్లోరోసల్ఫైట్ ఎస్టర్ తయారవుతుంది. పిరిడిన్ లేనప్పుడు అది గడప మీద జంటగా విడిపోయి, సల్ఫర్ డయాక్సైడ్ ఎగిరిపోయి, అక్కడే మిగిలిన క్లోరైడ్ అదే ముఖం మీద అతుక్కుంటుంది. ఆకారం మారదు. పిరిడిన్ ఉంటే హైడ్రోజన్ క్లోరైడ్‌ని అది పట్టుకుంటుంది, క్లోరైడ్ అయాన్లు ద్రావణంలో విడిగా తిరుగుతాయి, పెరటి గుమ్మంలోంచి వస్తాయి. ఆకారం తిరగబడుతుంది. రెండు కాగితాల మీదా క్లోరైడ్ ఏ గడిలోంచి వచ్చిందో పేరు రాయకుండా ఈ రాత్రి పడుకోకండి.